గంజి పెట్టిన పోగు

కమలవ్వ మూట కట్టుకొని గడప పక్కన కూర్చుంది. తెల్లవారిన దగ్గర్నుంచీ అక్కడే ఉంది. కొడుకు దశరథం తెచ్చిపెట్టిన చాయ పక్కనే చల్లారిపోయింది.

"హుస్నాబాదుల బిడ్డ ఇంటికి పోత," అని నిన్న చెప్పింది. ఎందుకని దశరథం అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది.

నలుగురిలో చెప్పుకుంటే సిగ్గు. ఇంట్లో కోడలు సక్కుబాయి నిండు నెలలతో ఉంది. నేడో రేపో అన్నట్టుంది. ఇటువంటప్పుడు అత్త మూట పట్టుకొని బయలుదేరితే, రాగులపల్లె సాలోళ్ల వాడకు వేరే ముచ్చట అక్కర్లేదు.

అసలు ఆమె ఈపాటికి వెళ్లిపోయి ఉండేదే. వాగు ఆపింది. ఎడతెగని ముసురుకు వాగు పొంగి ఊరిని ఒక పక్కకు నెట్టేసింది. బస్సు ఆగే రోడ్డు వాగుకు అవతల. సమితి దవాఖాన అవతల. ఆ దవాఖానలో ఉండే నర్సమ్మ అనసూర్య కూడా అవతలే. వానాకాలం వస్తే రాగులపల్లెకు ఇవేవీ లేనట్టే లెక్క.

దశరథం గొంగడి కప్పుకొని వాగు చూసి వచ్చాడు.

"ఎట్లున్నదిరా?" అని కమలవ్వ అడిగింది.

"నడుం దాటి పారుతున్నదవ్వా. ఎవ్వలు దిగుతలేరు."

"తగ్గితే చెప్పు."

లోపలి నుంచి సక్కుబాయి గొంతు వినబడింది. "తగ్గితే నాకు గూడ చెప్పు."

అత్తకు పోవడానికి వాగు తగ్గాలి. కోడలికి నర్సమ్మ రావడానికి తగ్గాలి. దశరథం గొంగడి దులుపుతూ వాకిట్లోనే నిలబడ్డాడు. ఎటు పోయినా తప్పే అయ్యేటట్టు ఉంది అతని పని.

ఇంతకూ ఈ గొడవ మొదలైంది పోయిన అంగడినాడు. అనసూర్య ఆ రోజు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి వాగు దాటి వచ్చింది. మందమర్రి బొగ్గుబాయిల కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. ఎవరింటికి పోయినా పీట వేసేదాకా ఆగదు, కింద కూర్చుంటుంది. సక్కుబాయి కడుపు చూసి, బిడ్డ తల కిందికే ఉందని చెప్పి, చల్లగా దారం సంగతి ఎత్తింది.

ఆ ఇంటికి ఒక పద్ధతి ఉంది. బిడ్డ పుడితే బొడ్డు కోసేది మంత్రసాని పోశవ్వ. దారం కట్టేది మాత్రం నాయనమ్మ. అది దుకాణం దారం కాకూడదు. ఆనాటికి మగ్గం మీద నిలువుగా సాగి ఉన్న పడుగులోంచి తెంపిన పోగు కావాలి. గంజి పట్టిన పోగు ఎంత గట్టిదో పిల్ల ఆయుష్షు అంత గట్టిగా ఉంటుందని వాళ్ల నమ్మకం. దశరథానికీ అట్లాగే కట్టారు. వాళ్ల నాయనకూ అట్లాగే కట్టారు.

సక్కుబాయికి ఇది మూడో కాన్పు. తల్లి లేని పిల్ల కాబట్టి మొదటి రెండు పురుళ్లూ అత్తింట్లోనే జరిగాయి. ఇద్దరూ మగపిల్లలే, ఇద్దరూ పుట్టగానే గట్టిగా ఏడ్చారు. పురుడు వెళ్లకముందే ఇద్దరూ రొమ్ము పట్టడం మానేశారు. దవడ బిగుసుకుపోయింది, ఒళ్లు కొయ్యబారింది, చేతుల్లోనే పోయారు. గాలి సోకిందని అందరూ అన్నారు.

"గాలి గాదు," అంది అనసూర్య. "మీరు పడుగు బజార్ల సాగదీసి గంజి పెడతరు గద. గా బజార్లనే ఎడ్లు నడుస్తయి, మేకలు తిరుగుతయి. గా మట్టిల, పేడల ఉండే రోగం దారానికి అంటి బొడ్డులకు పోతది. మీ మగ్గం దారం వద్దని నేనంటలేను. మసిలే నీళ్లల్ల మంచిగ ఉడకబెట్టి కట్టుండ్రి. నొప్పులు రాంగనే కబురు పెట్టుండ్రి, నేను వచ్చి దగ్గరుంట."

కమలవ్వ ఒక్క మాట కూడా అనలేదు. లేచి దొడ్లోకి పోయింది. అప్పటి నుంచీ ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

దశరథం మంచివాడు. అతనితో వచ్చిన చిక్కల్లా, ఎవరి దగ్గర కూర్చుంటే వాళ్ల మాటే న్యాయంగా తోచడం. తల్లి మౌనాన్ని అతను తనకు అర్థమైనట్టు అర్థం చేసుకున్నాడు. ఇప్పుడు కూడా గొంగడి దండెం మీద వేసి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, నర్సమ్మ మాటలు మనసుల పెట్టుకోకు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. మన మగ్గానికి వంక పెడితే మనకేం తక్కువైతది?"

కమలవ్వ మూట ముడిని వేలితో నొక్కుతూ ఉంది.

"ఉడకబెడితే గంజంత పోతది. గంజి పోయినంక పోగుల పానం ఏడుంటది? సాలె పని తెల్వనోళ్లు అనే మాటది. నువ్వు కట్టిన దారానికి ఏం కాలే అవ్వా."

"నువ్వు లోపటికి పో దశరథా."

"ఎవ్వలేమన్నరని నువ్వు..."

"పొమ్మన్న గద."

అతను లోపలికి పోయాడు. ఓదార్చుతున్నాననుకుంటూ తల్లిని ఎక్కడెక్కడ పొడుస్తున్నాడో పాపం అతనికి తెలియదు.

లోపల మగ్గం ఆగి ఉంది. దశరథం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు గాని అటూ ఇటూ విసిరే నాడెను ముట్టలేదు. సక్కుబాయి మగ్గం గుంజకు వీపు ఆనించి నిలబడింది. కూర్చుంటే లేవడం కష్టంగా ఉందామెకు.

"అవ్వ పోతనంటున్నది," అన్నాడు.

"విన్న."

"నర్సమ్మ వస్తదనే కద."

"నర్సమ్మ వచ్చేది నా కోసం."

"పురుడు నీ ఒక్కదానిదా? ఇంటిది. పెద్దమనిషిని ఎల్లగొట్టి కనాల్నా?"

"నేను ఎల్లగొట్టిన్నా? నోరు తెరిచి ఒక్క మాటన్న అన్ననా?"

"అనలే. నువ్వు అనవు, ఆమె అనది. నడుమ నేను పరేషాన్ అయితున్న."

బయట చూరు కింద పెట్టిన బోకెలో నీళ్లు పడుతున్నాయి.

"ఏమయ్యా," అంది మెల్లగా. "ఇద్దర్నీ నువ్వే ఎత్తుకపోయి మట్టిల పెట్టి వచ్చినవ్. యాదికున్నదా?"

"ఎందుకుండదు?"

"మల్లొకసారి ఎత్తుకపోయే బలం నీకుందేమో. చూసే బలం నాకు లేదు. నర్సమ్మను రానియ్యి. గంతే నేనడిగేది. వాగు తగ్గంగనే పోయి తోల్కరా."

దశరథం తెగని పోగును తెగిందన్నట్టు పట్టుకొని ముడి వెయ్యబోయాడు. పదేళ్లుగా అతని పక్కన దారం కండెలు చుట్టిన మనిషి సక్కుబాయి. ఆ చేతులు ఎప్పుడు పని చేస్తున్నాయో, ఎప్పుడు నటిస్తున్నాయో ఆమెకు తెలియకుండా ఉంటుందా?

"ఏమైంది?"

"ఏం కాలే."

"గిటు సూడు. ఏమైంది?"

"నర్సమ్మ రాదు."

"వాగు తగ్గినంక గూడనా?"

"నేనే వద్దన్న." అతను తల ఎత్తలేదు. "వాన పట్టకముందే దవాఖానకు పోయి చెప్పొచ్చిన. మా అవ్వ ఉన్నది, మేం చూసుకుంటం, నువ్వు రావద్దని చెప్పిన. అవ్వ కోపం తగ్గుతదని... అవ్వ కోసమే చెప్పిన."

సక్కుబాయి అరవలేదు. అరుస్తుందని అతను భుజాలు దగ్గరకు ముడుచుకొని కూర్చున్నాడు. అరిచినా బాగుండేది.

"ఆమె ఏమన్నది?"

"శానసేపు చెప్పి చూసింది. నేను ఇనకుంటే ఒక పొట్లం ఇచ్చింది."

"ఏది?"

మగ్గం గుంట గోడలో చిన్న గూడు ఉంది. అక్కడ పాతబట్టల వెనక నుంచి పొట్లం తీసి ఇచ్చాడు. కొత్త బ్లేడు, దూది, సబ్బు ముక్క. దారం మాత్రం లేదు. దారం మీ ఇంటిదే కట్టుకోండన్న మాట అనసూర్య నిలబెట్టుకుంది.

సక్కుబాయి సబ్బు ముక్కను వాసన చూసి మళ్లీ కాగితంలో పెట్టింది.

"నువ్వు మంచోనివే," అంది. "నీ మంచితనం ఎవ్వలకు అక్కరకు వచ్చిందో జర చెప్పు."

అతనికి చెప్పే వ్యవధి దొరకలేదు. సక్కుబాయి రెండు చేతులా గుంజను పట్టుకుంది. పళ్లు బిగించి, కళ్లు మూసుకొని, నొప్పి దాటిపోయేదాకా అట్లాగే నిలబడింది.

"పోశవ్వను పిలువు," అంది కళ్లు తెరిచి.

పోశవ్వ వచ్చేసరికి ముసురు కొంచెం తెరిపిచ్చింది. పోశవ్వ పిడికెడంత మనిషి, ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. వస్తూనే గడప దగ్గర మూటను చూసింది, కమలవ్వను చూసింది. ఇంకెప్పుడైతే నాలుగు మాటలు అడిగేదే. సక్కుబాయి మూలుగు విని నేరుగా లోపలికి పోయింది.

దశరథం తల్లి దగ్గరకు వచ్చాడు. అతని ముఖంలో ఇంకా కొంచెం ఆశ ఉంది. సక్కుబాయికి భయపడి ఇన్నాళ్లూ దాచిన ఈ మాటతో ఆమె మూట విప్పుతుందని అతను నిజంగానే నమ్మాడు.

"అవ్వా, ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు. నర్సమ్మ రాదు. నేనే వద్దని చెప్పి వచ్చిన. ఎప్పటి లెక్కనే మన మగ్గం దారం నువ్వే కడుదువు. లే అవ్వా."

కమలవ్వ లేచింది. మూట ఒళ్లోంచి జారి కింద పడింది.

"వద్దన్నవా? ఎవ్వల్నడిగి వద్దన్నవ్‌రా?"

"నీ కోసమే అవ్వా! ఆమె మన దారాన్ని తప్పు పట్టింది. నీకు కోపమొచ్చి..."

"కోపమా?" ఆమె గొంతు పెద్దది కాలేదు. ఇంకా తగ్గింది. "నాకు కోపం వచ్చిందని ఎవ్వలు చెప్పిండ్రు నీకు? గా పిల్ల చెప్తుండంగనే నేను నమ్మిన. ఆమె మాట పూర్తిగాకముందే నమ్మిన."

దశరథం కింద పడ్డ మూట ఎత్తబోయి ఆగాడు.

"పెద్దోడు పోయినప్పుడు నేనేమనుకున్ననో ఎరుకనా? దారం బలం సాల్లేదనుకున్న. చిన్నోనికి కట్టే పోగును మల్లొకపారి గంజిల ముంచిన. ముంచి బజార్ల గుంజలకే కట్టి ఆరబెట్టిన. ఎవ్వలకు చెప్పలే. నా మనుమనికి గట్టిది కడుతున్ననని మురిసిన."

"నువ్వు కావాల్నని చేసినవా అవ్వా?"

"కావాల్నని చెయ్యలేదంటే వాళ్లు లేసి వస్తరా?"

దశరథం గోడకు ఆనుకున్నాడు. ఇన్నాళ్లుగా తాను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకు వస్తుంటే అతని ముఖం చూడటానికి లేకుండా ఉంది. నువ్వు కట్టిన దారానికి ఏం కాలే అవ్వా. ఎన్నిసార్లు అన్నాడో.

"గీ చేతులు పుట్టబోయే పిల్ల దగ్గర ఉండొద్దని పోతనన్న," అంది కమలవ్వ. "నర్సమ్మ ఉంటది గద అన్న ధీమాతోని పోతనన్న. నువ్వు ఆమెను రావద్దని చెప్పి వచ్చినవ్. ఇగ నిలబడకు. వాగు కాడికి పో. దాటకు, ఒడ్డు మీద నిలబడి పిలువు. అవతల ఎవ్వలు కనబడ్డా నర్సమ్మకు కబురు చెప్పుమను."

అతను గొంగడి కూడా తీసుకోకుండా పరుగెత్తాడు.

కమలవ్వ మళ్లీ గడప దగ్గరే కూర్చుంది. లోపల పోశవ్వ మాటలు వినబడుతున్నాయి. బలం పట్టు, ఊపిరి పీల్చు, ఇంకొంచెం అంటూ ఎప్పటి మాటలే. కమలవ్వ చేతులు రెండూ చంకల్లో దాచుకొని కూర్చుంది.

"అక్కా," అని పోశవ్వ తలుపు దగ్గరకు వచ్చింది. "కాన్పు అయ్యేటట్టున్నది. నీ కోడలు నిన్ను పిలుస్తున్నది."

"నేను రాను. దారం ఉడకబెట్టి నువ్వే కట్టు."

"దారం నేను ముట్టబోతే, మీ ఇంట్ల అది నా పని గాదంటరు గద ఎప్పుడు. ఇయ్యాల నన్నే కట్టుమంటివి."

"ఇయ్యాల కట్టు. నీ కాల్మొక్కుత పోశవ్వా."

పోశవ్వ బిత్తరపోయి లోపలికి చూసింది. లోపలి నుంచి సక్కుబాయే పిలిచింది. ఆ పిలుపు పూర్తిగా రాలేదు, నొప్పి మధ్యలోనే తుంచేసింది. కమలవ్వ లేచి తలుపు దాకా పోయి, అక్కడ ఆగింది.

"అత్తా," అంది సక్కుబాయి. నుదుటికి వెంట్రుకలు అతుక్కుపోయి ఉన్నాయి. "నువ్వు బయట అన్నదంత విన్న."

కమలవ్వ తల వంచుకుంది.

"నాకు కోపం లేదని చెప్పను. ఉన్నది. కడుపుల మండుతున్నది. ఆ కోపం రేపు పడత, ఎల్లుండి పడత. ఇయ్యాల మాత్రం నువ్వు కావాలె. నాకు అవ్వ లేదు. నా నడుం పట్టింది రెండుపార్లు నువ్వే."

"గీ చేతులతోని వద్దు బిడ్డా."

"చేతులదేం తప్పున్నది? కడుగు. సబ్బున్నది." ఇంకో నొప్పి వస్తుంటే ఆమె మాటలు తొందరపడ్డాయి. "వేరేటోళ్లు కడితే నువ్వు హుస్నాబాదుల కూసొని బతికినన్ని దినాలు ఏడుస్తవ్. నువ్వు కట్టు. ఉడకబెట్టి కట్టు."

కమలవ్వ పొట్లంలోంచి సబ్బు తీసుకుంది. దొడ్లోకి పోయి మోచేతుల దాకా రుద్ది కడిగింది. ఒకసారి కడిగి, నీళ్లు పారబోసి, మళ్లీ కడిగింది. పోశవ్వను కూడా కడుక్కోమంది. పోశవ్వ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఊరుకొని కడుక్కుంది.

తర్వాత మగ్గం దగ్గరకు వచ్చింది. పడుగు మీదికి చెయ్యి పోలేదు. ఇదే మగ్గం, ఇదే చోటు. పక్క నుంచి సక్కుబాయి మూలుగు వినబడింది. కమలవ్వ పోగులు తెంపింది.

పొయ్యి మీద మట్టి గురిగిలో నీళ్లు మసులుతుంటే అందులో వేసింది. బ్లేడు కూడా వేసింది. కాసేపటికి గంజి విడిచి నీళ్లు తెల్లబడ్డాయి. ఆ నీళ్లు పారబోసి వేరే నీళ్లు పెట్టింది. అవి కూడా కొంచెం తెల్లబడ్డాయి. మళ్లీ పారబోసింది. ఇంత గంజి ఆ నాలుగు పోగుల్లో ఉందా అని ఆమెకు ఏడుపు వచ్చింది. మూడోసారి నీళ్లు తేటగా మసిలేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలలేదు.

ఉడికిన పోగులు మెత్తబడి వేలికి నిలవకుండా ఉన్నాయి. దశరథం అన్నదాంట్లో ఆ ఒక్క మాట నిజమే, గంజి పోయిన పోగు తొందరగా తెగుతుంది. కమలవ్వ నాలుగు పోగులూ కలిపి పేనింది. లాగి చూసింది. తెగలేదు. మళ్లీ ఒకసారి మసిలే నీళ్లలో ముంచి తీసింది.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడుపు వాకిలి దాకా వినబడింది. ఏడుపు విని మురిసిపోవడం ఆ ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. మొదటి ఇద్దరు కూడా ఇట్లాగే ఏడ్చారు.

"కట్టక్కా," అంది పోశవ్వ.

కమలవ్వ వేసిన మొదటి ముడి జారింది. సక్కుబాయి పడుకున్నచోటు నుంచే ఆ చేతులనే చూస్తూ ఉంది. రెండోసారి ముడి పడింది. పోశవ్వ కొత్త బ్లేడుతో బొడ్డు కోసింది. కమలవ్వ ముడిని ఇంకొంచెం బిగించి, తడి చేతులు గాలిలోనే పట్టుకొని, ఏమీ ముట్టుకోకుండా వెనక్కి జరిగింది.

పొద్దు వాలకముందే దశరథం వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. గొంతు బొంగురుపోయి ఉంది. వాకిట్లోనే పోశవ్వ సంగతి చెప్పింది. అతను లోపలికి పోవడానికి జంకి, తల్లి పక్కన నిలబడ్డాడు.

"అవతలి ఒడ్డుకు నర్సమ్మ వచ్చిందవ్వా. రేపు పొద్దుగాల నీళ్లు జర తగ్గంగనే దాటుతనన్నది. కోపం చేస్తదనుకున్న. చెయ్యలే. దారం ఉడకబెట్టిండ్రా అని ఒక్కటే అడిగింది." కాస్త ఆగి, ఇంకో మాట చెప్పాలా వద్దా అన్నట్టు చూశాడు. "వాగు తగ్గుతున్నది అవ్వా."

కమలవ్వ మూటను చేతిలోకి తీసుకుంది. కింద పడినప్పుడు ఒక మూల మట్టి అంటింది. ఆ మట్టిని దులపలేదు, ముడి విప్పలేదు. తీసుకుపోయి మగ్గం గదిలో కొయ్యకు తగిలించింది.

సక్కుబాయి అది చూసింది.

"ఇప్పవా అత్తా?"

"పురుడు వెళ్లనియ్యి."

పురుడు వెళ్లేదాకా ఆ మూట ఎందుకు అట్లాగే ఉండాలో ఇద్దరికీ తెలుసు. ఈ పిల్లకు ఏమైనా అయితే కమలవ్వ ఆ ఇంట్లో ఒక పూట కూడా ఉండలేదు. సక్కుబాయి ఉండమని అడగనూ అడగదు.

పిల్ల కదిలింది. సక్కుబాయి పక్కకు ఒత్తిగిలి రొమ్ము అందించింది. కమలవ్వ తలుపు దగ్గర నిలబడి, చూపు మాత్రం బయటి వానలో పెట్టి అడిగింది.

"పట్టుకున్నదానే?"

పిల్ల నోటితో వెతుక్కుంది, తప్పింది, మళ్లీ వెతుక్కుంది.

"పట్టుకున్నదత్తా."

కమలవ్వ తల ఊపి పొయ్యి దగ్గరకు పోయింది. బాలింతకు నీళ్లు కాగాలి. పుల్లలు ఎగదోసి, మంట అందుకోకముందే మళ్లీ తలుపు దగ్గరకు వచ్చింది.

"గిప్పుడు?"